మలేరియా కాలానికి ముందు: క్వినైన్ విషయంలో జాగ్రత్తలు

వానలు మొదలై దోమలు పెరిగే రోజులు దగ్గరపడుతున్నప్పుడు ఇంట్లో మందుల డబ్బా ఒకసారి తిరగేయండి. ఎప్పుడో వాడగా మిగిలిన క్వినైన్ మాత్రలు అందులో కనిపిస్తే, అవసరానికి పనికొస్తాయని దాచుకోవద్దు. పెల్లెటియర్, కావెంటూ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 1820లో సింకోనా చెట్టు బెరడు నుంచి వేరుచేసిన ఈ చేదు మందు మలేరియా క్రిమిని చంపుతుందనడంలో సందేహం లేదు. కాకపోతే జబ్బు తగ్గించే మోతాదుకూ హాని చేసే మోతాదుకూ మధ్య ఎడం దీనికి బాగా తక్కువ.

అందుచేత రక్తపరీక్షలో మలేరియా అని తేలకుండా, వైద్యుడు రాయకుండా దీన్ని మింగకూడదు. తేలినా సాధారణంగా ముందు ఇచ్చేవి ఆర్టెమిసినిన్ కలిసిన మందులే. ప్రాణం మీదికి వచ్చినప్పుడు సైతం అదే జాతికి చెందిన ఆర్టిసునేట్ ఇంజెక్షనే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అవి దొరకనప్పుడో, పడనప్పుడో క్వినైన్ అవసరం వస్తుంది. అప్పుడు దాన్ని 8 గంటలకొకసారి, సాధారణంగా 7 రోజులు, డాక్సీసైక్లిన్ లేదా క్లిండామైసిన్ అనే యాంటీబయాటిక్ జతగా ఇస్తారు. మూడో రోజుకే ఒళ్లు చల్లబడిందని మానేస్తే జ్వరం తిరగబెట్టవచ్చు.

మందు మొదలుపెట్టాక చెవుల్లో గుయ్‌మని హోరు, తలనొప్పి, వికారం చాలామందికి కలుగుతాయి. దీన్నే సింకోనిజం అంటారు, మందు ఆపాక చాలావరకు తగ్గిపోతుంది. చూపు మసకబారినా, వినికిడి తగ్గినా, గుండె దడగా ఉన్నా, చర్మం కింద ఎర్రటి చుక్కలు కనిపించినా తరువాతి మాత్ర వేసుకోకుండా వెంటనే వైద్యుడి దగ్గరకు వెళ్లాలి.

వీటన్నిటికంటే మోసకరమైనది రక్తంలో చక్కెర పడిపోవడమని నా అభిప్రాయం. క్వినైన్ ఇన్సులిన్‌ను ఎక్కువగా ఊరేలా చేస్తుంది. గర్భిణులకు ఈ ముప్పు మరీ ఎక్కువ. రోగికి చెమటలు పట్టి, మాట తడబడి, మగత కమ్ముతుంటే ఇంట్లోవాళ్లు జ్వరం దిగి నిద్రపడుతోందనుకుని దుప్పటి సర్ది పక్కకు వెళ్లిపోతారు. ఆ క్షణంలో చేయవలసింది వేలి కొసన రక్తపు చుక్క తీసి చక్కెర చూడడం. మింగగలిగే స్థితిలో ఉంటే పంచదార నీళ్లు పట్టి ఆసుపత్రికి తీసుకెళ్లడం. క్వినైన్‌ను ఇంజెక్షన్ రూపంలో ఇచ్చేటప్పుడు కూడా సెలైన్‌లో కలిపి గంటల తరబడి నెమ్మదిగా ఎక్కిస్తారు. నరంలోకి ఒక్కసారిగా ఎక్కిస్తే గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు.

గుండె లయలో తేడాలు, మయస్థీనియా గ్రావిస్ (కండరాలు బలహీనపడే జబ్బు), కంటినరం వాపు ఉన్నవారూ, వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) లేదా డిగాక్సిన్ (గుండె మందు) వాడేవారూ ఆ సంగతి ముందే వైద్యుడికి చెప్పాలి. రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయని క్వినైన్ వేసుకునే అలవాటు మంచిది కాదు: రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు ప్రమాదకరంగా పడిపోయే అవకాశం ఉన్నందున అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ వాడకాన్ని గట్టిగా వారించింది. ఒకసారి క్వినైన్ పడనివారు టానిక్ వాటర్ అనే చేదు సోడా కూడా ముట్టకూడదు, అందులోనూ కొద్దిగా ఇదే ఉంటుంది.

పసిపిల్లలు కొద్ది మాత్రలు మింగినా చూపో, ప్రాణమో పోవచ్చు; వైద్యం నడుస్తున్నన్నాళ్లూ డబ్బాను తాళంలో ఉంచి, కోర్సు పూర్తయ్యాక మిగిలినవాటిని మందుల షాపులో అప్పగించండి.