కరెంటు లేని చోట పైపు టెస్టింగ్ - 4వ పాఠం: ముందు గాలి తీయాలి, తర్వాతే పంపు

పోయిన పాఠంలో జాయింట్లు వేసి, సొల్యూషన్ ఆరడానికి ఒక రోజంతా వదిలేశాం. పైపుల నడుమ మట్టి కప్పి, జాయింట్లు మాత్రం కనబడేలా ఉంచాం. ఈరోజు నీళ్ళు నింపి ఒత్తిడి పెడదాం.

తోట అదే. బంగారుపాళెం దగ్గర గుట్ట వాలులో మామిడి తోట. 63 మి.మీ. పీవీసీ, 6 కిలోల రకం (చదరపు సెంటీమీటరుకు 6 కిలోల ఒత్తిడి తట్టుకునేది), 200 మీటర్లు. పై చివరకూ కింది చివరకూ ఎత్తులో 20 మీటర్ల తేడా. కరెంటు ఇంకా రాలేదు, పై బాట దాకా ట్రాక్టర్ ట్యాంకర్ మాత్రం వస్తుంది. "డీజిల్ కంప్రెసర్ అద్దెకు తెద్దామా అన్నా?" అని రైతు అడిగాడు. వద్దన్నాను. పీవీసీని గాలితో ఎప్పుడూ టెస్ట్ చేయకండి. నొక్కిన గాలి స్ప్రింగులాంటిది. పైపు పగిలితే ముక్కలు ఎగిరి మనిషికి తగులుతాయి. నీళ్ళయితే ఒకసారి చిమ్ముతాయి, వెంటనే ఒత్తిడి పడిపోతుంది.

నింపేటప్పుడు ట్యాంకర్‌ను పైపు పై చివర కంటే ఎత్తులో ఆపి, దాని గొట్టాన్ని కింది వాల్వ్‌కు కలపండి. పై చివర వాల్వ్ పూర్తిగా తెరిచి ఉండాలి. నీళ్ళు కింది నుంచి ఎక్కుతూ గాలిని ముందుకు తోసుకుపోతాయి. వంద మీటర్లకు సుమారు 260 లీటర్లు పడతాయి. తొందరపడి ధారగా వదలొద్దు. పైన మొదట బుస్సుమని గాలి వస్తుంది, తర్వాత తుంపర్లు, తర్వాత నీళ్ళూ గాలీ కలిసి దగ్గుతున్నట్టు వస్తాయి. దగ్గు ఆగి ధార నిండుగా వచ్చేదాకా పై వాల్వ్ మూయకండి.

ఇక హ్యాండ్ టెస్ట్ పంపు, అంటే చేత్తో కొట్టి లైనులో ఒత్తిడి పెంచేది. ఒత్తిడి చూపే గేజ్‌ను కింది చివరే పెట్టాలి. పది మీటర్ల ఎత్తుకు ఒక కిలో ఒత్తిడి అని మొదటి పాఠంలో చెప్పుకున్నాం కదా. పైన గేజ్ పెట్టి 6 చూపించేదాకా కొడితే, కింద పైపు మీద 8 పడుతుంది. 6 కిలోల పైపుకు అది ఎక్కువ. ఇక్కడ మోటారు ఒత్తిడి 4 కిలోలు, దానికి ఒకటిన్నర రెట్లు 6. అక్కడే ఆపుతాం.

హ్యాండిల్ కొట్టేటప్పుడు గేజ్ కంటే ముందు మీ చెయ్యి చెబుతుంది. గాలి లేకపోతే హ్యాండిల్ త్వరగా బిగుస్తుంది, కొట్టిన ప్రతిసారీ ముల్లు చప్పున లేస్తుంది. ఎంత కొట్టినా మెత్తగా దిగుతూ, ముల్లు బద్ధకంగా కదిలితే లోపల గాలి ఉన్నట్టే. ఆపి, పై వాల్వ్ మళ్ళీ తెరిచి, నీళ్ళు పోయండి. ఈ తేడా ఇంట్లోనే తెలుసుకోవచ్చు. రెండు వాటర్ బాటిళ్ళు తీసుకుని, ఒకటి అంచు దాకా నింపండి, ఇంకోదాంట్లో రెండు వేళ్ళ గాలి వదలండి. మూతలు బిగించి పిసికి చూడండి.

ఒక జాగ్రత్త. 6 కిలోల దగ్గర ఎండ్ క్యాప్‌ను (పైపు చివర మూసే మూతను) సుమారు 160 కిలోల బలం బయటకు తోస్తుంటుంది. దాని వెనక గట్టి రాయి ఆనించండి. దానికి ఎదురుగా ఎవరినీ నిలబడనివ్వకండి, పిల్లలను అసలు రానివ్వకండి.

ఒత్తిడి ఎక్కాక పంపుకూ లైనుకూ మధ్య ఉన్న వాల్వ్ కట్టేయండి. గేజ్ లైను వైపు ఉండాలి. ఈ ఒక్క పని చేయక నేను ఒక ఉదయమంతా పోగొట్టుకున్నాను. ముల్లు మెల్లగా దిగుతుంటే జాయింట్లన్నీ గుడ్డతో తుడిచి, వేలితో తడిమి చూశాను. అన్నీ పొడిగానే ఉన్నాయి. చివరకు పంపు గొట్టం మరల దగ్గర, టెఫ్లాన్ టేప్ సరిగా చుట్టని చోట, ఒక్కో చుక్క కారుతోంది. లైన్‌లో ఏ తప్పూ లేదు.

టెస్ట్ తెల్లవారుజామునే పెట్టుకోండి. ఎండెక్కితే పైపూ నీళ్ళూ వేడెక్కి ముల్లు కదులుతుంది. అది వేడి వల్లో లీకేజీ వల్లో తేల్చలేం. గంటసేపు, పది నిమిషాలకోసారి రీడింగ్ రాసుకోండి. అయిపోయాక పంపు వాల్వ్ కొద్దికొద్దిగా తిప్పి ఒత్తిడి దించండి. పైపు నిండా నీళ్ళున్నంతసేపు 20 మీటర్ల ఎత్తు వల్ల కింది గేజ్ 2 కిలోలు చూపిస్తూనే ఉంటుంది. ముల్లు ఆ 2 దగ్గరకు చేరాకే పై వాల్వ్, ఆ తర్వాత కింది వాల్వ్ తెరిచి నీళ్ళు చెట్లకు వదలండి.

రాసుకున్న రీడింగులు దాచుకోండి. వచ్చే పాఠంలో వాటిని చూసి, కారుతున్న జాయింట్‌ను వెతుకుదాం.