మృగశిర రాకముందే పాత హాలో బాడీ గిటార్‌కు చేయాల్సినవి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. పాత హాలో బాడీ (లోపల బోలుగా ఉండే) ఎలక్ట్రిక్ గిటార్‌కు అసలు గండం ఆ తర్వాత, మృగశిరలో ఉంటుంది. మే మధ్యాహ్నాల్లో హైదరాబాద్ గాలిలో తేమ 30 శాతానికి అటూ ఇటూ ఆడుతుంది. జూన్‌లో నాలుగు వానలు పడగానే 70 దాటుతుంది. చెక్కకు ఆ ఉన్నట్టుండి వచ్చే మార్పే చేటు. పలకలు పల్చగా, లోపల బోలుగా ఉన్న గిటార్‌కు మరీనూ. ఆ మార్పు మెల్లగా జరిగేలా చూడటమే మన పని. దానికి మే ఆఖరి వారంలోనే సిద్ధం కావాలి.

ముందు మీ చేతిలో ఉన్నది ఏ రకమో చూసుకోండి. 1949లో వచ్చిన గిబ్సన్ ఈఎస్-175 బాడీ పొరలు అతికించిన చెక్క, తేమకు అంతగా ఉబ్బదు. 1951 నాటి ఎల్-5 సీఈఎస్ పైపలక స్ప్రూస్ చెక్కను తొలిచి చేసింది, దాన్ని ఎక్కువ కనిపెట్టుకోవాలి. 1958లో మొదలైన ఈఎస్-335 లోపల నడుమ దిమ్మె ఉంటుంది కాబట్టి కాస్త నిబ్బరం. 1950ల గ్రెచ్ గిటార్లలో నెక్ జాయింటు, బైండింగు (అంచు చుట్టూ అతికించిన పట్టీ) రెండూ అనుమానించాల్సినవే. నెక్ బాడీని కలిసే చోట కాగితం దూరేంత సందు కనిపిస్తే వానలు వెళ్లేదాకా ఆగకండి, ఇప్పుడే మంచి లూథియర్‌కు (గిటార్లు బాగుచేసేవారికి) చూపించండి.

తేమ మీటర్ కొన్నంత మాత్రాన నమ్మకూడదు. సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేన్ని నీటి చుక్కలు వేసి, మీటర్‌తో పాటు జిప్ కవర్లో పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున 75 శాతం చూపాలి. 80 చూపితే ఇక ఎప్పుడూ 5 తీసేసి చదువుకోవాలి. కేస్ లోపల 45 నుంచి 55 మధ్య ఉంటే చాలు.

దానికి తేమను ఇచ్చి పుచ్చుకునే 49 శాతం ప్యాకెట్లు మేలు. ఒకటి హెడ్‌స్టాక్ (తీగలు బిగించే తల) కింద, రెండు నెక్ పక్కన ఉంచండి, పాలిష్‌కు తగలకూడదు. ఈ ప్యాకెట్లూ సిలికా జెల్ కలిపి పెట్టొద్దు. ఒకటి ఇచ్చిన తేమను రెండోది పీల్చేస్తుంది, డబ్బు దండగ. సిలికా జెల్ ఒక్కటే వాడితే మీటర్ రోజూ చూడాలి, 40 కన్నా దిగితే తీసేయాలి. నారింజ రంగు గింజలు ఆకుపచ్చగా మారాక ఓవెన్‌లో 110 నుంచి 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెడితే మళ్లీ పనికొస్తాయి.

కేస్‌లో కలరా ఉండలు, కర్పూరం వేయనే వేయకండి. బీరువాలో బట్టలకు వేసే అలవాటుతో చాలామంది గిటార్‌కూ వేస్తారు. ఆ కాలపు పాలిష్ నైట్రోసెల్యులోజ్ లాకర్ (lacquer) అనే వార్నిష్. దాన్ని మెత్తబరిచే పదార్థమే కర్పూరం. రబ్బరు పట్టీల స్టాండు, వినైల్ స్ట్రాప్ కూడా ఇదే చేస్తాయి, లాకర్ జిగటబారి మచ్చ పడుతుంది. నూలుగుడ్డ చుట్టండి. తుడవడానికి శానిటైజర్ వద్దు, పొడి గుడ్డ చాలు.

గ్రెచ్ బైండింగ్ విషయంలో మాత్రం నియమం వేరు. పాత సెల్యులాయిడ్ శిథిలమవుతూ ఆమ్లపు ఆవిరి వదులుతుంది, మూసిన కేస్‌లో అది పికప్ కవర్లనూ స్క్రూలనూ తినేస్తుంది. కాబట్టి వాన తెరపి ఇచ్చిన మధ్యాహ్నం కేస్ తెరిచి గంటసేపు గాలి ఆడనివ్వాలి, వారానికి రెండుసార్లన్నా. కేస్‌ను గోడకు ఆనించి నేలమీద పెట్టొద్దు. చెమ్మా చెదలూ వచ్చేది అక్కడినుంచే.

ఈఎస్-175 లాంటి వాటిలో తీగలను మోసే బ్రిడ్జ్‌ను ఆ తీగల ఒత్తిడే నిలబెడుతుంది. తీగలన్నీ ఒకేసారి విప్పితే జారిపోతుంది. ఒక్కొక్కటే మార్చండి. బ్రిడ్జ్ చోటును స్కేలుతో కొలిచి రాసిపెట్టుకోండి. గుర్తుకని టేప్ అతికిస్తే తీసేటప్పుడు పాత లాకర్ ఊడొస్తుంది. ఇప్పుడే, వానలకు ముందే, 12వ ఫ్రెట్ దగ్గర తీగల ఎత్తు కొలవండి. లావు E తీగ 2 మి.మీ., సన్న E తీగ 1.5 మి.మీ. ఉంటే మామూలు. జులైలో మళ్లీ కొలిస్తే ఎంత కదిలిందో తెలుస్తుంది. పైపలక ఉబ్బితే ఎత్తు పెరుగుతుంది, ముందు బ్రిడ్జ్ చక్రాలు దించండి. నెక్ వంగిందని తేలితేనే ట్రస్ రాడ్ (నెక్ లోపలి లోహపు కడ్డీ) జోలికి వెళ్లండి. పావు చుట్టు తిప్పి, ఒక రోజు ఆగి చూడాలి. బిగుసుకుని తిరగకపోతే బలవంతం వద్దు, ఆ రాడ్ తెగితే మరమ్మతుకు ఫింగర్‌బోర్డ్ ఊడదీయాల్సి వస్తుంది.

వాల్యూమ్ నాబ్ గరగరమంటే ఇరవై ముప్ఫైసార్లు ఆ చివరనుంచి ఈ చివరకు తిప్పండి, చాలాసార్లు అంతటితో పోతుంది. పోకపోతే ఎఫ్ హోల్‌లోంచి (పైపలక మీది f ఆకారపు రంధ్రంలోంచి) స్ప్రే కొట్టకండి. పాట్లు (నాబ్‌ల కింది భాగాలు) బయటికి తీయడం తెలిసినవారికే వదిలేయాలి, గిబ్సన్ అల్లిక వైర్ల పైతొడుగు ఎర్త్ కావడంతో అది పక్కనున్న సిగ్నల్ లగ్‌కు (సిగ్నల్ వైరు అతికే కొనకు) తగిలితే శబ్దం ఆగిపోతుంది.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం కరెంటుది. ఈ పాత గిటార్ల తీగలు టెయిల్‌పీస్ (బాడీ చివర తీగలను పట్టి ఉంచే లోహపు భాగం) గుండా ఆంప్ (యాంప్లిఫయర్) ఎర్త్‌కు కలిసి ఉంటాయి. వినాయక చవితి మండపాల్లో తడి నేల, తాత్కాలిక వైరింగ్, ఎర్త్ లేని జనరేటర్ మామూలే. గిటార్ ఆంప్ ఒక లైన్‌లో, మైక్ మరో లైన్‌లో ఉంటే పెదవి మైక్‌కు తగిలిన క్షణంలో షాక్ కొట్టొచ్చు, ప్రాణమే పోవచ్చు. వాయించే ముందు మల్టీమీటర్‌ను ఏసీలో పెట్టి ఒక కొన తీగకు, ఇంకో కొన మైక్ జాలీకి తాకించండి. సున్నాకు దగ్గరగా ఉండాలి. పదుల వోల్టుల్లో చూపిస్తే ఎలక్ట్రీషియన్ సరిచేసేదాకా గిటార్ మెడలో వేసుకోకండి. ఆంప్, మైక్ రెండూ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే బ్రేకర్) ఉన్న ఒకే బోర్డు నుంచి తీసుకోమని నిర్వాహకులను ముందురోజే అడగండి. ఇంట్లో వాయిస్తుండగా ఉరుములు మొదలైతే ఆంప్ స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్ పీకాలి.