వస్తువులు అద్దెకిచ్చే కొట్టులో టీవీలు, స్పీకర్లు అమ్మాలంటే ముందు వేయాల్సిన లెక్కలు

అద్దె వ్యాపారం పడిపోతుంటే యజమానికి వెంటనే తట్టేది ఈ ఆలోచనే: కొట్టుందీ, మనుషులున్నారు, జనం వచ్చిపోతున్నారు, పక్కన నాలుగు టీవీలు పెట్టి అమ్మితే పోయేదేముంది? అమెరికాలో బ్లాక్‌బస్టర్ అనే వీడియో అద్దె సంస్థ 1985లో డాలస్‌లో ఒక్క దుకాణంతో మొదలై 2004 నాటికి 9,000 దాకా దుకాణాలకు ఎదిగింది. అద్దెలు తగ్గాక అదీ ఈ దారే పట్టింది. మన దగ్గర క్యాసెట్ల కొట్లు, సీడీ షాపులు ఎప్పుడో పోయాయి గానీ కెమెరాలు, ప్రొజెక్టర్లు, గేమింగ్ కన్సోళ్లు, సౌండ్ సిస్టమ్‌లు అద్దెకిచ్చేవాళ్లు ఊరూరా ఉన్నారు. ఒకటి నుంచి పది కొట్ల దాకా నడిపేవాళ్లు అమ్మకంలోకి దిగే ముందు ఏం చూసుకోవాలో ఇక్కడ చెబుతున్నాం. ధరలన్నీ లెక్క అర్థం కావడానికి తీసుకున్నవి, మీ ఊరి ధరలు వేసి మళ్లీ చూసుకోండి.

రెండు పద్దులు విడివిడిగా రాయండి

అద్దెలో సరుకు మీ దగ్గరే ఉంటుంది, డబ్బు మళ్లీ మళ్లీ వస్తుంది. 400 రూపాయల డిస్కును 40 రూపాయల చొప్పున పదిసార్లు ఇస్తే అసలు వచ్చేస్తుంది. పదకొండోసారి నుంచి వచ్చేదంతా మిగులే. బ్లాక్‌బస్టర్ దీన్ని ఇంకా చవక చేసుకుంది. ఒక్కో క్యాసెట్టుకి 65 డాలర్ల దాకా పెట్టే పద్ధతి మాని, 1990ల చివర్లో స్టూడియోలకు ముందుగా కొద్ది డాలర్లు, తర్వాత అద్దె రాబడిలో 40 శాతం దాకా వాటా ఇచ్చేలా ఒప్పందాలు చేసుకుంది. దానికి తోడు ఆలస్య రుసుములు. 2000లో ఒక్క వాటి మీదే సుమారు 80 కోట్ల డాలర్లు వచ్చాయి. 2005 జనవరిలో ఆ రుసుములు ఎత్తేసేసరికి చేతికొచ్చే నగదుకి పెద్ద గండే పడింది.

అమ్మకం దీనికి పూర్తిగా తిరగేసిన వ్యవహారం. వస్తువు వెళ్లిపోతుంది, లాభం ఒక్కసారే వస్తుంది, మళ్లీ అంత పెట్టుబడీ పెట్టాలి. ఒక టీవీ 20,000కి కొని 21,000కి అమ్మారనుకుందాం. జీఎస్టీని పక్కన పెడదాం. పెట్టుబడి నూటికి రూపాయిన్నర వడ్డీకి తెచ్చారు, అంటే నెలకి 300. కొన్నవాళ్లు క్రెడిట్ కార్డు గీకితే రెండు శాతం చొప్పున 420 పోతుంది. ఇంటికి చేర్చడానికి ఆటోకి 300. టీవీ పదిహేను రోజుల్లో అమ్ముడైతే వడ్డీ 150, మొత్తం ఖర్చు 870, మీకు మిగిలేది 130. అదే టీవీ మూడు నెలలు కూర్చుంటే వడ్డీయే 900, మొత్తం ఖర్చు 1,620. వెయ్యి రూపాయల లాభం కాస్తా 620 నష్టం అయింది. ఈలోగా కంపెనీ కొత్త మోడల్ దింపి పాతదాని ధర రెండు వేలు తగ్గిస్తే ఆ దెబ్బ అదనం.

అందుకే లాభం శాతం ఒక్కటే చూడకండి. ఒక వస్తువు మీద ఏడాదిలో వచ్చిన స్థూల లాభాన్ని (అమ్మిన ధరలోంచి కొన్న ధర తీసేస్తే మిగిలేది), దాని కోసం సగటున కొట్లో ఇరుక్కుని ఉన్న పెట్టుబడితో భాగించండి. నూటికి అయిదు లాభమున్న టీవీ ఏడాదికి పన్నెండుసార్లు తిరిగితే ఆ సంఖ్య 0.6. కొన్న ధర మీద నూటికి వంద వేసి అమ్మే కేబుల్ ఏడాదికి ఆరుసార్లే తిరిగినా అది 6. అరలో ఏది ఎంత జాగా తినాలో ఈ సంఖ్యే తేలుస్తుంది.

వచ్చేవాళ్లు దేనికి వస్తున్నారు

అద్దెకి వచ్చే మనిషి వారానికోసారి వస్తాడు, జేబులో అయిదు వందలు పెట్టుకుని వస్తాడు. టీవీ కొనే మనిషి ఆరేడేళ్లకోసారి వస్తాడు, నాలుగు షాపులు తిరిగి, ఫోన్లో ధరలు చూసుకుని, ఇంట్లోవాళ్లతో కలిసి వస్తాడు. ఇద్దరూ ఒకే ఊరివాళ్లు అయినంత మాత్రాన ఒకే గిరాకీ కాదు. బ్లాక్‌బస్టర్ 2001లో తన దుకాణాల్లో కొన్నింటిలో రేడియోషాక్ అనే ఎలక్ట్రానిక్స్ సంస్థకు మూలలు కేటాయించి అమ్మకాలు చేయించింది. ఆ ప్రయోగం ఏడాది తిరిగేసరికి ఆగిపోయింది. ప్రయోగం పెద్ద సంఖ్యలో జరగకుండా కొన్ని నగరాలకే పరిమితం చేయడం మాత్రం మెచ్చుకోదగ్గ పని.

మీరూ ముందు రెండు వారాలు గల్లాపెట్టె పక్కన ఒక నోటుబుక్కు పెట్టండి. అద్దెకి వచ్చినవాళ్లు ఇంకేం అడిగారో, ఏది లేదని వెనక్కి వెళ్లారో పనివాళ్లతో రాయించండి. ప్రొజెక్టర్ తీసుకున్నవాళ్లు పొడుగు కేబుల్ అడుగుతారు, కన్సోల్ తీసుకున్నవాళ్లు ఛార్జింగ్ వైరు అడుగుతారు, కెమెరా తీసుకున్నవాళ్లు మెమరీ కార్డు అడుగుతారు. మీ మొదటి సరుకు ఆ పుస్తకంలోనే ఉంటుంది.

మొదటి సరుకు, అందులో వచ్చే తిప్పలు

ఒక కొట్టుకి మొదలుపెట్టడానికి ఇంత చాలు: టీవీకి బొమ్మ, శబ్దం అందించే హెచ్‌డీఎంఐ కేబుళ్లు ఒకటిన్నర మీటరువి పది, మూడు మీటర్లవి ఆరు, అయిదు మీటర్లవి మూడు, పది మీటర్ల ఫైబర్ కేబుళ్లు రెండు, స్పైక్ గార్డులు ఆరు, 32 అంగుళాల టీవీకి గోడ స్టాండ్లు నాలుగు, 43 నుంచి 55 అంగుళాల వాటికి మూడు, అయిదు వోల్టుల అడాప్టర్లు అయిదు, రిమోట్ సెల్స్ ఒక పెట్టె. టోకు ధరల్లో ఇదంతా ఇరవై వేల లోపే అవుతుంది. టీవీలు మాత్రం మొదటి మూడు నెలలు ఆర్డరు తీసుకుని తెప్పించి ఇవ్వండి, కొని పెట్టుకోకండి.

తిరిగొచ్చే వస్తువుల్లో చాలావాటికి ఏ లోపమూ ఉండదు, కలపడంలోనే తేడా ఉంటుంది. అమ్మే ముందే చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. మామూలు రాగి హెచ్‌డీఎంఐ కేబుల్ అయిదు మీటర్లు దాటితే 4కే బొమ్మ మినుకుమినుకుమంటుంది, ఒక్కోసారి అసలు రాదు. అంతకు మించిన దూరానికి ఫైబర్ కేబుల్ ఇవ్వాలి. దానికి ముందూ వెనకా ఉంటుంది: ఒక కొస ప్లేయర్‌కి, రెండోది తెరకి. అటుదిటు పెడితే తెర నల్లగా ఉండిపోతుంది, కేబుల్ పాడైందని పట్టుకొస్తారు. సౌండ్‌బార్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపితే టీవీలో ఏఆర్‌సీ అని రాసి ఉన్న రంధ్రంలోనే పెట్టాలి, పక్కదాంట్లో పెడితే శబ్దం రాదు. సినిమాలు చూపించే చిన్న స్టిక్కుని టీవీ యూఎస్‌బీకి తగిలిస్తే దానికి చాలినంత కరెంటు అందక మధ్యమధ్యలో ఆగి మళ్లీ మొదలవుతుంది. అడాప్టర్ ఇచ్చి గోడ ప్లగ్గుకి పెట్టమనండి. పై సరుకులో అయిదు అడాప్టర్లు ఉన్నది ఇందుకే.

గోడ స్టాండ్ దగ్గర తప్పు జరిగితే టీవీయే పోతుంది. టీవీ వెనక నాలుగు రంధ్రాల మధ్య దూరం మిల్లీమీటర్లలో కొలవండి. 200కి 200, 400కి 400 అన్నట్టు ఉంటుంది, స్టాండ్ దానికి సరిపోవాలి. తర్వాత బోల్టు పొడవు. రంధ్రంలోకి చీపురుపుల్ల మెల్లగా పెట్టి, ఆగినచోట గోటితో గుర్తు పెట్టి, ఆ లోతుకి స్టాండ్ పట్టీ మందం, వాషర్ మందం కలపండి. బోల్టు అంతకంటే రెండు మిల్లీమీటర్లు తక్కువే ఉండాలి. పొడుగు బోల్టుని బలంగా తిప్పితే లోపల బోర్డునో తెరనో నొక్కుతుంది. తెర మీద గీత పడ్డాక అది వారంటీ కిందికి రాదు. గోడ తేలిక ఏఏసీ దిమ్మెలదైతే స్క్రూ పట్టడానికి గోడలో దిగ్గొట్టే మామూలు ప్లగ్గులు కొన్నాళ్లకి వదులైపోతాయి, ఆ దిమ్మెల కోసం చేసిన పొడుగు నైలాన్ ప్లగ్గులే వాడాలి. బిగించే మనిషికి ఈ రెండూ తెలుసో లేదో ముందే అడగండి.

చూపించడానికి టీవీ పెడితే అది స్టోర్ మోడ్‌లో ఉంటుంది, బొమ్మ మిరుమిట్లు గొలుపుతుంది. దాన్నే తర్వాత అమ్మేటప్పుడు హోమ్ మోడ్‌కి మార్చకపోతే కొన్నవాళ్లు ఇంట్లో బొమ్మ సరిచేసుకున్న ప్రతిసారీ అది మళ్లీ పాత వెలుగుకే వెళ్లిపోతుంది. ఓఎల్ఈడీ టీవీలో కదలని ఒకే లోగోని రోజంతా ఉంచకండి, మచ్చ పడుతుంది.

డీలర్‌తో కాగితం మీద రాయించుకోవాల్సినవి

నోటిమాట మీద నడిచే వ్యాపారంలో కూడా ఈ నాలుగు మాత్రం రాతలో ఉండాలి. అరువు ఎన్ని రోజులు. మీ దగ్గర సరుకు ఉండగా కంపెనీ ధర తగ్గిస్తే తేడాకి క్రెడిట్ నోటు (ఆ మొత్తం మీ ఖాతాలో జమ చేసినట్టు చీటీ) ఇస్తారా, ఎన్ని రోజుల్లో. పెట్టె విప్పగానే పనిచేయని వస్తువుని మార్చిస్తారా, లేక సర్వీస్ సెంటర్‌కి వెళ్లమంటారా. ప్రదర్శనకి పెట్టిన ముక్క మీద ఎంత తగ్గింపు. రెండోది ఒప్పుకోకపోతే ఆ డీలర్ దగ్గర టీవీలు కొని పెట్టుకోకండి, ఆర్డరు మీదే తెప్పించండి. దసరా, దీపావళి ముందు ఎక్కువ సరుకు ఎత్తుకుంటే స్కీమ్ ఇస్తామంటారు. పండగ వెళ్లాక మిగిలింది వెనక్కి తీసుకుంటారా అని అదే పూట అడగాలి, ఆ తర్వాత అడిగితే ఫోను ఎత్తరు. ప్రతి బిల్లు మీదా సీరియల్ నంబరు రాయండి. వారంటీ గొడవ వచ్చినప్పుడు మిమ్మల్ని కాపాడేది అదే.

పన్ను దగ్గర ఒక మెలిక

సరుకు అమ్మేవాళ్లకి జీఎస్టీ నమోదు పరిమితి ఏడాదికి 40 లక్షల టర్నోవర్ అని చాలామంది అనుకుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో అది సరుకు మాత్రమే అమ్మేవాళ్లకి. తెలంగాణలో సరుకుకీ 20 లక్షలే. అద్దెకివ్వడం సేవ కిందికి వస్తుంది కాబట్టి రెండూ చేసే కొట్టుకి ఈ రెండు రాష్ట్రాల్లోనూ 20 లక్షలే లెక్క, అదీ రెండు రాబడులూ కలిపి. చిన్న వ్యాపారుల కోసం ఉన్న కాంపొజిషన్ పథకంలో వ్యాపారి టర్నోవర్ మీద ఒక శాతం కట్టి ఊరుకోవచ్చు గానీ, అందులో సేవల రాబడి మొత్తం టర్నోవర్‌లో పది శాతం లేదా 5 లక్షలు, ఏది ఎక్కువైతే దాన్ని దాటకూడదు. అద్దె రాబడి ఇంకా బాగా ఉన్న కొట్టు ఈ గీత సులువుగా దాటేస్తుంది. మొదలుపెట్టే ముందే ఆడిటర్‌తో కూర్చోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి అన్ని సైజుల టీవీలకీ 18 శాతమే. అంతకు ముందు 32 అంగుళాలు దాటితే 28 ఉండేది, పాత రేటు పట్టిక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటే మార్పించండి. అడాప్టర్లు, పవర్ బ్యాంకులు, టీవీల మీద బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తుతో పాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉందేమో చూసే కొనండి.

మనుషులు, అప్పు

సర్క్యూట్ సిటీ అమెరికాలో పెద్ద ఎలక్ట్రానిక్స్ దుకాణాల సంస్థ. 2007 మార్చిలో జీతం ఎక్కువని 3,400 మంది దుకాణ సిబ్బందిని తీసేసి తక్కువ జీతానికి కొత్తవాళ్లని పెట్టుకుంది. మీరా పని చేయకండి: ఏ కేబుల్ దేనికో చెప్పగలిగిన మనిషే ఈ వ్యాపారంలో లాభం తెచ్చేది. టీవీ మీద వంద మిగిలితే పక్కన ఇచ్చే కేబుల్, స్టాండ్ మీదే అయిదొందలు మిగులుతాయి. అవి అమ్మాలంటే అడిగి, విని, తగింది చూపించాలి. పనిచేసే ప్రతి ఒక్కరి చేతా ఒక టీవీ, ఒక సౌండ్‌బార్, ఒక స్టిక్ విప్పి కలిపించి చూడండి.

బ్లాక్‌బస్టర్ 2008 ఏప్రిల్‌లో ఈ సర్క్యూట్ సిటీనే వంద కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొంటానంది. అప్పటికి బ్లాక్‌బస్టర్ సొంత మార్కెట్ విలువే అంతకంటే తక్కువ. అద్దె తగ్గుతున్న సంస్థ, అమ్మకం తగ్గుతున్న సంస్థని బయటి డబ్బుతో కొనాలనుకుంది. జూలై 1న వెనక్కి తగ్గింది. నవంబరు 10న సర్క్యూట్ సిటీ దివాలా పిటిషన్ వేసింది, మరుసటి ఏడాది మూతపడింది. బ్లాక్‌బస్టర్ 2010 సెప్టెంబరులో అదే దారి పట్టింది. ఎలక్ట్రానిక్స్ వైపు నుంచి అద్దెలోకి రావడం కూడా తేలిక కాదు: ఇదే సర్క్యూట్ సిటీ 1998లో డివిఎక్స్ అని, 48 గంటలు చూడగలిగే డిస్కులు తెచ్చి, 1999 జూన్‌లో ఎత్తేసింది.

మీ వరకు వస్తే, కొత్త విభాగానికి పెట్టే డబ్బు అద్దె మిగులులోంచే రావాలి. కొట్టు కాగితాలు తాకట్టు పెట్టి తెచ్చింది కాకూడదు. ఒక్క కొట్లోనే మూడు నెలలు నడపండి. ప్రతి నెలా తొంభై రోజులు దాటి కదలని వస్తువులన్నీ ఒక కాగితం మీద రాసి, వాటిని కొన్న ధరకే అమ్మేయండి. అలా అమ్మలేకపోతే నష్టానికైనా వదిలించుకోండి. మూడో నెల చివర కేబుళ్లు, స్టాండ్ల మీద వచ్చిన లాభం ఆ జాగాకి పడే అద్దె, కరెంటు మించితే రెండో కొట్లో పెట్టండి. మించకపోతే సరుకు డీలర్‌కి తిప్పి పంపండి. విభాగం ఎత్తేసినా అమ్మిన వస్తువుల బిల్లుల నకళ్లు వారంటీ గడువు తీరేదాకా, జీఎస్టీ నమోదు ఉంటే ఆరేళ్లకు పైగా దాచాలి. కొన్నవాళ్లకి సర్వీస్ సెంటర్ ఫోన్ నంబర్లు రాసిన చీటీ గల్లా దగ్గర ఉంచండి.