పోర్టల్, పోర్టల్ 2 ఆటలను పక్కపక్కన పెట్టి పోల్చడం ఎలా?

వాల్వ్ సంస్థ 2007లో పోర్టల్‌ను, 2011లో దాని రెండవ భాగమైన పోర్టల్ 2ను విడుదల చేసింది. బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ వంటి చోట్ల ఒకే ఫ్లాట్‌లో ఉండే తెలుగు మిత్రుల మధ్య వీటిలో ఏది మేలన్న వాదన మొదలైతే, అది చాలాసార్లు కథ దగ్గరే ఆగిపోతుంది. ఇవి పజిల్ ఆటలు: చేతిలోని తుపాకీతో గోడ మీదో నేల మీదో రెండు ద్వారాలు వేసి, ఒకదానిలో దూరి రెండోదానిలోంచి బయటపడుతూ ఒక్కో గదిని దాటాలి. కనుక పోలికను పజిళ్ల దగ్గర నుంచే ప్రారంభించడం న్యాయం.

మొదట మొదటి భాగాన్నే ఆడండి. క్రమం తప్పితే పోలికకు ఆధారమే ఉండదు. ఇది ఒకటి రెండు సాయంత్రాల్లో పూర్తయ్యే చిన్న ఆట. ఆడేటప్పుడు సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, ఎందుకంటే గదుల్లో మిమ్మల్ని పరీక్షించే గ్లాడోస్ అనే కంప్యూటర్ వ్యంగ్యంలో సగం మాటల విరుపులోనే ఉంటుంది. వేసవి చివర వానలకు కరెంటు పోవడం మన నగరంలో మామూలే కాబట్టి, కంప్యూటర్‌లో ఆడేవారు కష్టమైన గదికి ముందు ఎఫ్6 నొక్కి సేవ్ చేసుకోవడం మంచిది.

తర్వాత, రెండు ఆటల్లోనూ ఉన్న ఒక్క సూత్రాన్ని ఎంచుకుని గమనించండి. నా సలహా వేగం. మొదటి ఆటలో 10వ గది దీనికి పాఠం: ఎత్తు నుంచి నేల మీది ద్వారంలోకి దూకితే, పడేటప్పటి వేగమంతా గోడ మీది ద్వారం గుండా మిమ్మల్ని ముందుకు విసురుతుంది. ఆట మీకు పెద్దగా కొత్త సాధనాలేమీ ఇవ్వదు. ఉన్నదాన్నే 18వ గది వరకు మెలితిప్పి అడుగుతుంది. రెండవ ఆటలో అదే వేగానికి నేల మీద పరుచుకునే నారింజ రంగు జెల్ పరుగునిస్తుంది, నీలం జెల్ ఎగరవేస్తుంది, తెల్ల జెల్ మాత్రం ద్వారం పట్టని గోడను కూడా పట్టేలా చేస్తుంది. వీటికి తోడు కాంతి వంతెనలు, లేజర్ కిరణాలు ఉన్నాయి. అయితే సాధనాలు పెరిగిన కొద్దీ ద్వారం వేయగల తెల్లటి గోడలు తగ్గినట్లు మీరు గమనిస్తారు. పెద్ద హాలులో నిలబడి ఆలోచించడానికి బదులు, తెల్ల పలక ఎక్కడుందా అని వెతకడమే పని అయ్యే సందర్భాలున్నాయి. నా దృష్టిలో రెండవ భాగంలోని అసలు బలహీనత ఇదే.

మరొక మార్పునూ చూడండి. మొదటి ఆటలో కొంతసేపటికే పేలిపోయే శక్తి బంతులను సరైన క్షణంలో మళ్లించాలి, అంటే తెలివితో పాటు చేతివేగం కూడా కావాలి. రెండవ భాగంలో వాటి స్థానాన్ని లేజర్ కిరణాలు తీసుకున్నాయి. తొందర తగ్గి, ఆలోచనకు వ్యవధి దొరికింది. ఈ విషయంలో రెండవ భాగానిదే పైచేయి.

ఇక రెండవ ఆటలో ఇద్దరు కలిసి ఆడే భాగాన్ని విడిగా అంచనా వేయండి, ఎందుకంటే మొదటి ఆటలో దానికి సాటి ఏదీ లేదు. అట్లాస్, పీ-బాడీ అనే రెండు రోబోలకు చెరో రెండు ద్వారాలు, మొత్తం నాలుగు. హాల్లోని టీవీకి కంప్యూటర్ కలిపి, ఒకరు కీబోర్డు, ఇంకొకరు కంట్రోలర్ పట్టుకుంటే తెర రెండుగా చీలుతుంది. "అక్కడ కాదురా, ఆ మూల గోడకి వెయ్యి" అని గొంతు చించుకోనక్కరలేదు. చోటును చూపే గుర్తు ఆటలోనే ఉంది. అయినా అరుపులు తప్పవనుకోండి.

చివరగా, 2012లో కంప్యూటర్ వెర్షన్‌కు ఉచితంగా చేర్చిన గదుల తయారీ సాధనాన్ని తెరిచి, ఒక మీట, ఒక పెట్టె, ద్వారాలు మాత్రమే ఉన్న గదిని కట్టి మీ రూమ్మేట్‌కు ఇవ్వండి. అతను దాన్ని ఛేదించాక అదే గదిలో ఒక కాంతి వంతెననో, ఒక జెల్‌నో చేర్చి మళ్లీ ఇవ్వండి. చేర్చిన వస్తువు కొత్త ఆలోచనను పుట్టించిందా, లేక పాత దారినే సులువు చేసిందా అన్నది అతను ఆడే తీరులోనే మీకు కనిపిస్తుంది.