అమ్మాయిని ఐస్ హాకీలో చేర్చే ముందు: స్కేట్లు, పదును, కర్ర

2010, 2014, 2022 ఒలింపిక్ ఫైనల్స్‌లో కెనడాకు గెలుపు గోల్ కొట్టింది మరీ-ఫిలిప్ పూలాన్. అంతటి క్రీడాకారిణి కూడా చిన్నప్పుడు మొదలుపెట్టింది ఫిగర్ స్కేటింగ్‌తోనే. టొరంటోలోనో డాలస్‌లోనో ఉంటూ అమ్మాయిని హాకీకి పంపాలనుకుంటే ముందు రింక్‌లో (ఐస్ మైదానంలో) స్కేటింగ్ తరగతిలో చేర్చండి. రెండు వైపులకూ ఆగడం, వెనక్కి జారడం, పడితే తనంతట తాను లేవడం వచ్చాక కర్ర ఇవ్వొచ్చు.

స్కేట్ల దగ్గరే చాలామంది దెబ్బతింటారు. 'వచ్చే ఏడాదికీ పనికొస్తాయి' అని పెద్ద సైజు కొంటారు. నిజానికి హాకీ స్కేటు మామూలు బూటు కంటే ఒకటి, ఒకటిన్నర సైజు తక్కువే పడుతుంది. పలచటి సాక్సు వేసి, లేసులు వదులు చేసి, కాలివేళ్లు ముందు ఆనేదాకా పాదాన్ని తోయించండి. మడమ వెనక మీ వేలు ఒక్కటే దూరాలి, రెండు దూరితే పెద్దదే. తర్వాత మడమను వెనక్కి ఆనించి లేసు బిగించండి. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు తాకీ తాకనట్టుండాలి, మోకాళ్లు వంచితే వెనక్కి జరగాలి. వదులు స్కేటులో మడమ లేస్తుంది, చీలమండ లోపలికి వాలుతుంది. చూసేవాళ్లు పిల్ల కాళ్లలో బలం లేదనుకుంటారు, లోపం మాత్రం బూటుది.

కొత్త స్కేట్లకు సాధారణంగా పదును ఉండదు, దుకాణంలోనే పెట్టించండి. బ్లేడు అడుగున పొడవునా ఉండే గాడికి కొలత అడుగుతారు, అది లోతు కాదు, గాడి వంపు వ్యాసార్ధం. మొదట్లో అరంగుళం చాలు. అంకె తగ్గేకొద్దీ గాడి లోతవుతుంది. లోతు మరీ ఎక్కువైతే బ్లేడు ఐస్‌ను పట్టేస్తుంది, ఆగబోయిన పిల్ల బోర్లా పడుతుంది. బ్లేడు మీద అడ్డంగా నాణెం పెట్టి చూడండి, ఒక పక్కకు వాలితే అంచులు సమంగా లేనట్టే. ఆట అయ్యాక తుడవండి. ప్లాస్టిక్ తొడుగు నడవడానికే, అందులోనే ఉంచేస్తే తుప్పు పడుతుంది.

కుడిచేతివాటం పిల్లకు తరచు ఎడమ కర్రే (ఎడమ చెయ్యి కింద, కుడి చెయ్యి పైన పట్టుకునేది) కుదురుతుంది, ఎందుకంటే కర్రను తిప్పేది పై చెయ్యి. స్కేట్లు వేసుకుని నిలబడితే కర్ర గడ్డం దాకా రావాలి. ఫ్లెక్స్ అంకె (కర్ర ఎంత గట్టిదో చెప్పేది) పౌన్లలో పిల్ల బరువుకు సగం: 60 పౌన్ల పిల్లకు 30. పొడవు తగ్గించడానికి పైన కోస్తే కర్ర ఇంకా బిగుసుకుంటుంది, అప్పుడు ఎంత కొట్టినా పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) గాల్లోకి లేవదు.

హెల్మెట్ సెకండ్ హ్యాండ్‌ది కొంటే స్టిక్కర్ మీద గడువు తేదీ చూడకుండా డబ్బివ్వకండి. మెడ రక్షణ పట్టీ తప్పనిసరి.

చిన్న వయసులో అబ్బాయిల జట్టులో ఆడినా మంచిదే, వేగం అలవాటవుతుంది. నాలుగు ఒలింపిక్ స్వర్ణాల కెనడా క్రీడాకారిణి హేలీ వికెన్‌హైజర్ 2003లో ఫిన్లాండ్‌లో పురుషుల ప్రొఫెషనల్ లీగ్‌లోనే గోల్ చేసింది. అమెరికాలో 14 ఏళ్లలోపు విభాగం నుంచి అబ్బాయిల ఆటలో ఒంటితో ఢీకొట్టడం మొదలవుతుంది, అమ్మాయిల జట్టుకు మారడానికి అదే అదను.

ఆపైన యూనివర్సిటీ జట్టు, 2024 జనవరిలో మొదలైన మహిళల ప్రొఫెషనల్ లీగ్. పూలాన్ బోస్టన్ యూనివర్సిటీకి ఆడింది. హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ యూనివర్సిటీల్లో క్రీడా స్కాలర్‌షిప్ ఉండదు, కుటుంబ ఆదాయాన్ని బట్టే సాయం. కోచ్ పిలిచాడు కదా అని ఫీజు లెక్క వదిలేయకండి.