సోడియం ఆక్సిబేట్: రాత్రి రెండు మోతాదులు ఎలా కొలవాలి, ఎప్పుడు తాగాలి?

పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బు నార్కోలెప్సీ. దానికి రాసే మందుల్లో చాలావరకు పొద్దున లేవగానే వేసుకునే మాత్రలు. సోడియం ఆక్సిబేట్ దారి వేరు. ఇది ద్రవం. రాత్రి పక్క మీద కూర్చుని ఒకసారి, నిద్ర మధ్యలో అలారంతో లేచి మరోసారి తాగాలి. పగలు ముంచుకొచ్చే నిద్రమత్తుకూ, నవ్వో కోపమో వచ్చినప్పుడు ఒళ్ళు పట్టు తప్పిపోయే కాటాప్లెక్సీకీ రెంటికీ పనిచేస్తుంది. అమెరికాలో జైరెమ్ అనే పేరుతో 2002లో కాటాప్లెక్సీకి, 2005లో పగటి నిద్రమత్తుకు దీనికి అనుమతి వచ్చింది.

రెండుసార్లు తాగాల్సి రావడానికి కారణం, మందు ఒంట్లో నిలవకపోవడం. రక్తంలో చేరినది అరగంట నుంచి గంటలోపే సగానికి పడిపోతుంది. ఒక్క మోతాదుతో రాత్రి గడవదు. అలాగని రెంటినీ ఒకేసారి తాగితే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. అందుకే ఈ మందు విషయంలో డాక్టరు రాసిన అంకె ఎంత ముఖ్యమో కొలత, వేళ కూడా అంతే ముఖ్యం. మొదటి మోతాదు తాగాక మీ తెలివి మీ చేతిలో ఉండదు కాబట్టి, ఆలోచించి చేయాల్సిన పనులన్నీ దానికి ముందే అయిపోవాలి.

ఇక్కడి అంకెలు పెద్దవాళ్ళ కోసం మందు లేబుల్లో ఉన్నవి. మీ చీటీలో వేరే అంకె ఉంటే చీటీదే చివరి మాట.

మొదటి సీసా తెరవకముందే డాక్టరుకు చెప్పాల్సినవి

మద్యం, నిద్రమాత్రలు ఈ మందుతో అసలు కుదరవు. "కొంచెమే కదా" అనే మినహాయింపు లేదు. సాయంత్రం మద్యం తాగి ఉంటే ఆ రాత్రి ఈ మందు జోలికి పోకండి. నొప్పులకు వాడే ఓపియాయిడ్లు, ఆందోళనకు వాడే బెంజోడయాజిపీన్లు, కండరాలు సడలించే మందులు, మగత తెప్పించే ఇతర మాత్రలు ఏవి వాడుతున్నా పేర్లతో సహా చెప్పాలి. మూర్ఛకో మూడ్ సమస్యకో వాల్‌ప్రోయేట్ వాడుతుంటే సోడియం ఆక్సిబేట్ మోతాదును కనీసం 20 శాతం తగ్గిస్తారు. అంటే 6 గ్రాములు వాడే మనిషికి 4.8 గ్రాములో, అంతకన్నా తక్కువో వస్తుంది. కాలేయం దెబ్బతిన్నవాళ్ళకు మొదటి మోతాదే సగం, రాత్రి మొత్తానికి 2.25 గ్రాములు.

గురక, నిద్రలో ఊపిరి ఆగడం, గతంలో డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనలు ఉంటే దాచకండి. సక్సినిక్ సెమీఆల్డిహైడ్ డీహైడ్రోజినేజ్ లోపం అనే అరుదైన పుట్టుజబ్బు ఉన్నవాళ్ళకు ఈ మందు ఇవ్వరు.

ఉప్పు సంగతి చాలామంది గమనించరు. రాత్రికి 9 గ్రాముల మందు తాగితే దాంతోపాటే 1640 మిల్లీగ్రాముల సోడియం ఒంట్లోకి వెళుతుంది. బీపీ, గుండె వైఫల్యం, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు ఇది చిన్న లెక్క కాదు. సోడియం బాగా తగ్గించిన ఆక్సిబేట్ కూడా ఉంది. అందులో అదే 9 గ్రాములకు సోడియం 131 మిల్లీగ్రాములే. ఒకదాన్నుంచి రెండోదానికి మారేటప్పుడు గ్రాముల అంకె మారదు.

గ్రాములా, మిల్లీలీటర్లా?

ద్రవం గాఢత మిల్లీలీటరుకు అర గ్రాము. కాబట్టి మిల్లీలీటర్ల అంకె ఎప్పుడూ గ్రాముల అంకెకు రెట్టింపు. సోడియం తగ్గించిన రకానికీ ఇదే లెక్క.

లెక్క తేలికే కానీ ఒక చిక్కు ఉంది. 4.5 అనే అంకె ఇందులో మూడు అర్థాలతో ఎదురవుతుంది. మొదటి వారం రాత్రి మొత్తం మోతాదు 4.5 గ్రాములు. అదే వారం ఒక్కసారికి కొలిచే ద్రవం 4.5 మి.లీ. అత్యధిక మోతాదుకు చేరినవాళ్ళు ఒక్కసారికి తాగేది 4.5 గ్రాములు, అంటే 9 మి.లీ. చీటీలో ఉన్న 4.5 ఈ మూడింటిలో ఏదో తేలకుండా సిరంజి పట్టుకోకండి. ఆ పైన, సిరంజి మీది గీతలు గ్రాముల్లో ఉన్నాయా మిల్లీలీటర్లలో ఉన్నాయా చూడండి. మందుతో వచ్చిన సిరంజి తప్ప ఇంట్లో ఉన్న మరో సిరంజి, చెంచా వాడొద్దు.

మోతాదు పెరిగే తీరు ఇలా ఉంటుంది:

రాత్రికి 4.5 గ్రాములు: 2.25 గ్రాముల చొప్పున రెండుసార్లు, ఒక్కసారికి 4.5 మి.లీ.
రాత్రికి 6 గ్రాములు: 3 గ్రాముల చొప్పున, ఒక్కసారికి 6 మి.లీ.
రాత్రికి 7.5 గ్రాములు: 3.75 గ్రాముల చొప్పున, ఒక్కసారికి 7.5 మి.లీ.
రాత్రికి 9 గ్రాములు: 4.5 గ్రాముల చొప్పున, ఒక్కసారికి 9 మి.లీ.

ఒక్కో మెట్టుకూ కనీసం వారం ఆగాలి. కొందరు డాక్టర్లు రెండు వారాలు ఆపుతారు, అందులో తప్పేమీ లేదు. గుణం సాధారణంగా 6 నుంచి 9 గ్రాముల మధ్య కనబడుతుంది, 9 దాటకూడదు. "ఇంకాస్త పోస్తే ఇంకాస్త బాగుంటుంది" అన్న లెక్క ఈ మందుకు అసలు సరిపోదు. మోతాదు 4.5 గ్రాముల నుంచి 9 గ్రాములకు రెట్టింపైతే ఒంటికి అందే మందు రెట్టింపుతో ఆగదు, దాదాపు 3.7 రెట్లు అవుతుంది. ఒక మెట్టు తొందరపడి ఎక్కినవాళ్ళకు వికారం, తలతిరుగుడు మీదపడేది ఇందుకే.

పిల్లలకు మోతాదు బరువును బట్టి కడతారు. పైన చెప్పిన అంకెలను వయసు చూసి తగ్గించి వాడడం ప్రమాదం.

రాత్రి చేయాల్సిన పనులు, వరుసగా

1. పడుకునే వేళకు కనీసం రెండు గంటల ముందే భోజనం ముగించండి. పరగడుపున అయితే మందు రక్తంలో తారస్థాయికి చేరడానికి ముప్పావుగంట పడుతుంది. కొవ్వు ఎక్కువున్న భోజనం తర్వాత అదే రెండు గంటలు పడుతుంది, తారస్థాయి కూడా సగం కన్నా కిందికి పడిపోతుంది. "నిన్న పనిచేసింది, ఇవాళ పనిచేయలేదు" అనిపిస్తే ముందుగా చూడాల్సింది భోజనం వేళనే. రోజూ ఒకే ఎడం పాటిస్తేనే మోతాదు సరిపోయిందో లేదో డాక్టరుకు తెలుస్తుంది.

2. దీపం వెలుగులో, బల్ల మీద సీసా, సిరంజి, రెండు చిన్న ఖాళీ సీసాలు, నీళ్ళు పెట్టుకోండి. పక్క మీద కూర్చుని కొలవొద్దు.

3. సిరంజి మొనను సీసా మూతి మధ్యలో గట్టిగా నొక్కి, సీసాను నిటారుగానే ఉంచి మందు లాగండి. జైరెమ్ సీసాను తలకిందులు చేస్తే మందు సిరంజిలోకి రాదు. మామూలు మందు సీసాలకు అలవాటుపడ్డవాళ్ళు తడబడేది ఇక్కడే. గాలి బుడగ కనబడితే మందును సీసాలోకి వదిలి మళ్ళీ లాగండి.

4. ఒక్కో చిన్న సీసాలో ఒక మోతాదు పోసి, ఒక్కోదానికీ సుమారు 60 మి.లీ. నీళ్ళు కలిపి, పిల్లలు తీయలేని మూత పడే దాకా బిగించండి. రెండు మోతాదులూ ఇప్పుడే సిద్ధం కావాలి. రెండోది అర్ధరాత్రి లేచి కలుపుకుందామనుకోవడం ఈ మందుతో చేయగల అతి చెడ్డ ఆలోచన.

5. పెద్ద సీసాను తాళం వేసి దాచండి. పక్క దగ్గర ఉండాల్సినవి ఆ రెండు చిన్న సీసాలే. పెద్ద సీసా చేతికి అందే చోట ఉంటే మగతలో మూడోసారి పోసుకోవడానికి అవకాశం ఇచ్చినట్టే. పిల్లలు, పెంపుడు జంతువులు తిరిగే ఇల్లయితే చిన్న సీసాలు కూడా వాళ్ళకు అందకూడదు.

6. పళ్ళు తోముకోవడం, బాత్రూముకు వెళ్ళిరావడం, తలుపు గడియ, పొయ్యి, ఫోన్ ఛార్జింగ్ అన్నీ ముగించి పక్క ఎక్కండి. అలారం పెట్టండి. అప్పుడు మొదటి సీసా తాగి వెంటనే నడుం వాల్చండి. రుచి ఉప్పగా, ఎబ్బెట్టుగా ఉంటుంది, గుటకలో తాగేయడం మేలు. నిద్ర 5 నుంచి 15 నిమిషాల్లో పడుతుంది. కొందరికి మగత ముందుగా తెలియదు, ఉన్నట్టుండి ఒరిగిపోతారు. తాగాక "ఒక్క నిమిషం" అని లేచినవాళ్ళు పడి దెబ్బలు తగిలించుకునేది అందుకే.

రెండో మోతాదు

మొదటిదానికి రెండున్నర నుంచి నాలుగు గంటల మధ్య రెండోది తాగాలి. గంటలు లెక్కపెట్టాల్సింది నిద్ర పట్టిన క్షణం నుంచి కాదు, మొదటి సీసా తాగిన క్షణం నుంచి. 11 గంటలకు తాగితే అలారం 1.30కి, 3 గంటలకు మధ్య మోగాలి. ఒకే అలారంతో లేవనివాళ్ళు చాలామంది ఉంటారు, పది నిమిషాల తేడాతో రెండు పెట్టుకోండి.

అలారానికి ముందే మెలకువ వచ్చినా రెండున్నర గంటలు నిండకుండా తాగొద్దు. బాత్రూముకు వెళ్ళాల్సి ఉంటే రెండో మోతాదుకు ముందే, కాళ్ళు నిలదొక్కుకున్నాక, పట్టుకుని వెళ్ళండి. తర్వాత పక్క మీదే కూర్చుని తాగి మళ్ళీ పడుకోండి.

అలారం వినబడక రెండో మోతాదు తప్పిపోతే ఆ రాత్రికి వదిలేయాలి. తెల్లవారుజామున తాగకూడదు, మర్నాటి రాత్రి దానికి కలపకూడదు. తాగానా లేదా అన్న అనుమానం వస్తే సీసా చూడండి. అది ఖాళీగా ఉంటే తాగినట్టే. సీసా చూశాకా అనుమానం తీరకపోతే తాగలేదని అనుకోవడం కంటే తాగాననుకోవడమే క్షేమం. తాగాక వాంతయితే ఎంత లోపలికి పోయిందో ఎవరూ చెప్పలేరు కాబట్టి మళ్ళీ పోసుకోకండి.

పొద్దున

రెండో మోతాదు తర్వాత కనీసం ఆరు గంటలు బండి నడపకూడదు, యంత్రాల దగ్గరకు వెళ్ళకూడదు. ఇది చూసుకుని పడుకునే వేళను వెనక్కి లెక్కగట్టండి. 7 గంటలకు బండి తీయాలంటే రెండోది 1 గంటకల్లా, మొదటిది 9 నుంచి 10.30 మధ్య అయిపోవాలి. అది కుదరని ఉద్యోగమైతే డాక్టరుతో మాట్లాడాల్సిందే. రెండో మోతాదును ముందుకు జరుపుకోవడం మాత్రం పరిష్కారం కాదు. రాత్రికి ఒక్కసారే తాగే, మందు నెమ్మదిగా విడుదలయ్యే రకం ఆక్సిబేట్ కూడా 2023 నుంచి అమెరికాలో ఉంది. దాని పద్ధతి వేరు, ఇక్కడి కొలతలు దానికి వర్తించవు.

నీళ్ళు కలిపిన మందు 24 గంటలు దాటితే పారబోయాలి. పగటిపూట మెలకువ కోసం వాడే మాత్రలను సాధారణంగా దీనితో పాటే కొనసాగిస్తారు. వాటిని మీ అంతట మీరు ఆపొద్దు.

ఏం తేడా వస్తే ఏం చేయాలి

వికారం, తలతిరుగుడు, వణుకు, పక్క తడపడం, మోతాదు పెంచిన వారంలో ఎక్కువగా కనబడతాయి. సిగ్గుపడి దాచుకుంటే డాక్టరుకు ఒక మెట్టు దించే అవకాశం పోతుంది. నిద్రలో నడవడం, అయోమయం, దిగులు, వింత ఆలోచనలు కనబడితే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా చెప్పాలి. వీటిని ముందుగా పసిగట్టేది పక్కన పడుకునేవాళ్ళే కాబట్టి వాళ్ళకు ఈ మందు సంగతి తెలిసి ఉండాలి.

ఎక్కువ మోతాదు పడిందని తెలిసినా, మనిషి ఎంత లేపినా లేవకపోయినా, ఊపిరి నెమ్మదిగానో ఆగి ఆగో వస్తున్నా, పక్కకు ఒరిగించి పడుకోబెట్టి అత్యవసర వైద్యానికి ఫోన్ చేయండి. దీనికి విరుగుడు లేదు. ఓపియాయిడ్లకు ఇచ్చే నాలోక్సోన్, బెంజోడయాజిపీన్లకు ఇచ్చే ఫ్లుమాజెనిల్ ఈ మందు మత్తును దించవు. సీసాను వెంట తీసుకెళ్తే ఆస్పత్రిలో వెతుకులాట తప్పుతుంది.

మందు అయిపోకుండా చూసుకోవడం

వరుసగా 14 రోజులకు మించి మానేస్తే పాత మోతాదుకు నేరుగా వెళ్ళకూడదు. డాక్టరు చెప్పాక మళ్ళీ అడుగు మెట్టు నుంచే ఎక్కాలి. ఈ మందు మీద నియంత్రణ ఎక్కువ. అమెరికాలో దీన్ని ప్రత్యేక భద్రతా కార్యక్రమం కింద నమోదైన ఫార్మసీలే ఇస్తాయి. అప్పటికప్పుడు పరుగెత్తి కొనుక్కొచ్చే వీలు ఉండదు కాబట్టి మిగిలినదెంతో లెక్క ఉండాలి. 180 మి.లీ. సీసాలో 90 గ్రాముల మందు ఉంటుంది. రాత్రికి 4.5 గ్రాములైతే 20 రాత్రులు, 6 గ్రాములైతే 15, 7.5 అయితే 12, 9 అయితే 10 రాత్రులు వస్తుంది. సీసా తెరిచిన తేదీ దాని మీదే రాసిపెట్టుకుని, వారం రోజుల మందు ఇంకా ఉండగానే తర్వాతి సీసాకు ఆర్డర్ పెట్టండి.