శ్రీకాకుళం తీరంలో ఏటేటా రాక్ సంగీత పండుగ జరపడం ఎలా?

మన జిల్లాలో గిటారు, డ్రమ్స్ చక్కగా వాయించే పిల్లలున్నారు. వాళ్లకు వేదిక కావాలంటే విశాఖ బస్సెక్కాల్సిన పని లేదు, కళింగపట్నం, బారువ లాంటి బీచ్‌లు మనకే ఉన్నాయి. మొదటి ఏడాది ఒక్క సాయంత్రం, మూడు నాలుగు బ్యాండ్లు చాలు.

1. ముందు ఊరిని అడగండి

బీచ్ అంటే ఖాళీ స్థలం కాదు. పడవలు నిలిపేది, వలలు బాగుచేసుకునేది, చేపలు ఎండబెట్టేది అక్కడే. ఆఫీసుల చుట్టూ తిరగకముందే మత్స్యకార పెద్దల్ని కలవండి. తమ పనికి అడ్డురాని చోటు వాళ్లనే చూపించమనండి. తిండి దుకాణాలు ఆ ఊరివాళ్లకే ఇవ్వండి. ఊరికి ఇష్టం లేని పండుగ రెండో ఏడాది జరగదు.

2. తేదీ

అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల భయం. 2018 అక్టోబరులో తిత్లీ ఈ జిల్లాను ఎంత దెబ్బతీసిందో తెలిసిందే. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. ఒడ్డున పెద్ద లైట్లుంటే తల్లి తాబేలు వెనక్కి తిరిగిపోతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు సముద్రం వైపు కాకుండా వెలుగు వైపు పాకి చచ్చిపోతాయి. ఒక్క రాత్రి పాట కోసం ఆ పని చేయొద్దు. అందుకే డిసెంబరు మధ్యే మేలు. అప్పుడు కూడా వాతావరణ శాఖ హెచ్చరికలు చూస్తుండాలి. పౌర్ణమికి, అమావాస్యకు పోటు ఎక్కువ కాబట్టి అష్టమి దగ్గర్లో పెట్టుకోండి.

3. అనుమతులు

పంచాయతీ, రెవెన్యూ, పోలీసు, అగ్నిమాపక శాఖలకు నెల ముందే దరఖాస్తు పెట్టండి. మైకుకు అనుమతి విడిగా తీసుకోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. సాయంత్రం 4కు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ముగించండి.

4. వేదిక ఎటు తిరగాలి?

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది ఇదే. వేదిక వీపు సముద్రం వైపు ఉంటే ఫొటోలు బాగుంటాయి, కానీ మోతంతా ఊరి మీద పడుతుంది. సముద్రానికి ఎదురుగా పెడితే జనం అలలకూ వేదికకూ మధ్య ఇరుక్కుంటారు. తీరం వెంబడి, ఇళ్లు లేని సరుగుడు తోటల వైపు తిప్పండి. పోటు నీరు ఎక్కడిదాకా వస్తుందో ఊరివాళ్లు చెబుతారు. దానికి బాగా ఎగువన వేయండి. వెనక పెద్ద ఫ్లెక్సీ కట్టొద్దు, సముద్రపు గాలికి తెరచాపలా ఉబ్బి కర్రల్ని లాగేస్తుంది. ఇసుకలో మేకులు నిలవవు, తాళ్లను ఇసుక బస్తాలకు కట్టండి.

5. కరెంటు, పరికరాలు

ఉప్పుగాలి, ఇసుక మిక్సర్‌లోకి పోతే మరమ్మతు కష్టం. వాడనప్పుడు కప్పి ఉంచండి. తీగలు నేల మీద కాకుండా చెక్కల మీద నడిపించాలి. జనరేటర్‌కు ఎర్తింగ్, షాక్ కొడితే వెంటనే కరెంటు ఆపే బ్రేకర్ తప్పనిసరి. తడి ఇసుక మీద చెప్పుల్లేని కాళ్లుంటాయని మరవొద్దు.

6. జనం

చీకటి పడ్డాక ఎవరినీ నీళ్లలో దిగనివ్వకండి. తాడు కట్టి, ఊరి గజ ఈతగాళ్లకు కూలి ఇచ్చి కాపలా పెట్టండి. రెండు బ్యాండ్ల మధ్య తప్పెటగుళ్ళ బృందానికి అరగంట ఇవ్వండి. ఆ దరువు డ్రమ్స్‌కు ఏమాత్రం తీసిపోదు.

7. మర్నాడు

వల లాగేవాళ్లు తెల్లవారుజామునే వస్తారు. సీసా పెంకులు, మేకులు ఆ రాత్రే ఏరేయాలి. వారంలోపు ఊరి పెద్దల దగ్గర కూర్చుని లెక్క చెప్పి, వచ్చే ఏడాది తేదీ అడగండి.